నరాల బిస్కెట్లు

గవర్నర్‌పేట, విజయవాడ
12 జూలై 1998

మామూకి నుస్రత్ సలాములు.

మీ కార్డు అందింది. పది లైన్లు రాశారు. అందులో ఎనిమిది లైన్లు వాన గురించి, తడిసిన కట్టెల గురించి. మీ అక్క, అమ్మీ గురించి రెండే లైన్లు. "ఆపాకి అరికాళ్ళు ఒకటే మంటలు. నిద్ర లేదు." ఇకనుంచి ముందు అమ్మీ సంగతి రాసి, చోటు మిగిలితే వాన గురించి రాయండి. మీకు అక్షరాలు నేర్పింది నేనే కాబట్టి ఈ మాత్రం చెప్పే హక్కు నాకుంది.

ఉయ్యూరు ఆస్పత్రిలో ఇచ్చిన అమ్మీ రిపోర్టు నిన్న డాక్టరు గారికి చూపించాను. నేను రక్తపరీక్షలు చేసే ల్యాబ్ ఉన్న మేడలోనే, పై అంతస్తులో కూర్చుంటారు. షుగర్ వల్ల కాళ్ళలో నరాలు దెబ్బతింటున్నాయట. అందుకే ఆ మంటలు, ఆ సూదిపోట్లు. మాత్రలు ఒక్కపూట కూడా మానకూడదట, తిండి మార్చుకోవాలట. మీ నాన్నగారి, అదే మా నానా సంగతి చెప్పాను. "అయితే మీ అమ్మగారి కాళ్ళు జాగ్రత్తమ్మా" అన్నారు. మోకాలి కింద నానా కాలు తీసేసినప్పుడు నాకు ఆరేళ్ళు. దుప్పటి కింద ఒక పక్క చదునుగా ఉండేది. మామూ, అమ్మీకి ఆ గతి పట్టనివ్వను.

టీతోపాటు బిస్కెట్ లేకపోతే అమ్మీకి తెల్లవారదు. కాబట్టి నిన్న ఇక్కడ ఒక బేకరీలో "షుగర్ వారికి ప్రత్యేకం" అని రాసి ఉంటే ఒక పొట్లం కొన్నాను. కొరికితే డాల్డా అంగిలికి అట్టలా అంటుకుంది. మైదా తప్ప ఇంకేమీ లేదు. పక్కనే ఉన్న గోధుమ రొట్టె కూడా కొని గ్లాసు నీళ్ళలో వేశాను. రంగు దిగింది! మాడ్చిన పంచదార నీళ్ళు కలిపి గోధుమ రంగు తెప్పించారు. రోగంతో ఉన్నవాళ్ళకి ఇలా పెట్టడానికి చేతులెలా వచ్చాయో. మన రొట్టెల దుకాణమూ తక్కువ తినలేదు లెండి. డాల్డా డబ్బా అడుగున చచ్చిన చీమలు నేను చూశాను.

అందుకని బిస్కెట్లు మీరే చేయండి. రాగి పిండి, జొన్న పిండి సమానంగా, దోరగా వేయించిన నువ్వులు, చిటికెడు ఉప్పు. మైదా వద్దు, డాల్డా వద్దు, పంచదార అసలే వద్దు. బట్టీ నెమ్మదిగా ఉన్నప్పుడు పెట్టండి. ఎలా వచ్చాయో రాయండి.

మీ ఉత్తరంలో ఒత్తులు బాగా పడుతున్నాయి.

అమ్మీ కాళ్ళను తలుచుకుంటూ,
నుస్రత్

ఉయ్యూరు
21 జూలై 1998

నుస్రత్ బేటీకి మామూ కరిముల్లా దువాలతో రాయునది.

ముందు అమ్మీ సంగతే రాస్తున్నాను, చూసుకో. మంటలు అలాగే ఉన్నాయి. రాత్రిళ్ళు కాళ్ళు గోడకేసి రుద్దుకుంటోంది. పొద్దున రొట్టెలు దించాక బట్టీ దగ్గర వేడి ఇటుక ఒకటి గోనెగుడ్డలో చుట్టి, దాని మీద అరికాళ్ళు పెట్టుకుంటుంది. "అమ్మో, కాలిందిరా" అని తీసేస్తుంది, మళ్ళీ పెడుతుంది. మా అమ్మా ఇంతే చేసేది, ఆమె అమ్మ మా నానీ ఇంతే. బట్టీ ఉన్న ఇంట్లో ఆడవాళ్ళ కాళ్ళకి ఇటుకే వైద్యం.

ఇంక నీ బిస్కెట్లు. తౌబా! ముప్పై ఏళ్ళు బట్టీ ముందు నిలబడ్డవాణ్ణి, నా చేత్తో ఇలాంటివి చేయిస్తావని అనుకోలేదు. మొదటి ట్రే దించితే పొడి పొడి అయిపోయింది. నస్యం డబ్బాల్లో పోసి అమ్ముకోవచ్చు. రెండో ట్రేలో నీళ్ళు కాస్త ఎక్కువ పోశాను. రాయి! వీధి కుక్కకి వేస్తే వాసన చూసి, నా మొహం చూసి, లేచి అవతలి అరుగు మీదికి పోయి పడుకుంది. అది నా దుకాణం ముందే పుట్టి పెరిగిన కుక్క.

ఆపా ఒకటి నమిలి ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఒరే కరీమ్, దాన్ని డిగ్రీ దాకా చదివించింది నాచేత బొగ్గు తినిపించటానికేనా?" అంది. మా వంశంలో అయిదో తరగతి దాటిన మనిషి లేడు. నీకు బి.ఎస్సీ. వచ్చిందని వీధంతా నాన్‌ఖటాయీ బిస్కెట్లు పంచాను. ఆ చదువులో బిస్కెట్ ఎలా చేయాలో మాత్రం రాసి లేదనుకుంటాను.

డాల్డా డబ్బాలో చీమలు చచ్చిపోయి ఉన్నాయంటే అది మంచి డాల్డా అన్నమాట. లేకపోతే ఎందుకు వస్తాయి?

వాన తగ్గింది. చోటు మిగిలింది కాబట్టి రాశాను.

నీ మామూ

విజయవాడ
9 ఆగస్టు 1998

మామూకి సలాములు.

కుక్క సంగతి చదివి హాస్టల్లో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. చీమల గురించి మీరు రాసింది చదివాక ఆ పూట అన్నం సయించలేదు.

పొరపాటు నాదే. జొన్నకీ రాగికీ సాగే గుణం లేదు. సగం గోధుమ పిండి కలపండి. మరలో పట్టించింది, జల్లించకుండా. డాల్డా బదులు వెన్న, కొంచెం వేరుశెనగ నూనె. నీళ్ళు పోయకండి, పులిసిన పెరుగుతో కలిపి, తడిగుడ్డ కప్పి గంటసేపు వదిలేయండి. తీపి అమ్మీకి కుదరదు కాబట్టి ఉప్పు బిస్కెట్ చేద్దాం. ఇప్పుడు లేత మొక్కజొన్న వస్తోంది కదా, గింజలు గీరి కచ్చాపచ్చాగా నూరి కలపండి. మునగాకు నీడన ఆరబెట్టి నలిపి వేయండి. జీలకర్ర, మిరియాలు. కాలం మారితే ఆ కాలానికి వచ్చేది వేద్దాం.

పిండి కలిపే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. బీడీ పట్టుకున్న చేత్తో కలపకండి. ఇది అవమానం కాదు, ల్యాబ్‌లో నేను రోజుకి ఇరవైసార్లు కడుక్కుంటాను.

ఇటుక పెట్టుకోవచ్చో లేదో డాక్టరు గారిని అడిగి రాస్తాను.

అమ్మీ మాత్రలు వేసుకుంటోందా?

నుస్రత్

ఉయ్యూరు
27 సెప్టెంబరు 1998

నుస్రత్ బేటీకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. సబ్బుతో సహా. ఈసారి కుక్క తినింది! మనుషులూ తిన్నారు. మొక్కజొన్న తీపి, మునగాకు వగరు, పైన మిరియం ఘాటు. బాగుంది బేటీ. నా నోటితో నేనే చెబుతున్నాను.

అసలు కబురు ఇది. ఆపాకి మంటలు తగ్గిపోయాయి! పోయిన నెల్లో సగానికి తగ్గాయి. ఇప్పుడు అసలు లేవట. సూదిపోట్లూ లేవు. నిద్రపోతోంది. ఇటుక మీద ఇదివరకు నిమిషం పెట్టలేకపోయేదా, ఇప్పుడు అరగంట పెట్టుకుని హాయిగా తస్బీహ్ పూసలు తిప్పుకుంటూ కూర్చుంటుంది. కాలిందన్న మాటే లేదు. "నా బిడ్డ చదువు నా కాళ్ళకి పనికొచ్చిందిరా" అని పక్కింటి వాళ్ళందరికీ చెబుతోంది.

చర్చి వీధి తెరేసమ్మ గారు నీకు తెలుసుగా, ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరయ్యారు. ఆవిడకీ కాళ్ళ మంటలే. పావుకిలో తీసుకెళ్ళి వారానికే మళ్ళీ వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసిన సంజీవరావు గారు అరకిలో పట్టుకుపోయారు. "ఇన్నాళ్ళూ ఫ్యాక్టరీలో పంచదార మూటలు లెక్కపెట్టాను, ఇప్పుడు అదే నా ఒంట్లో మూటలు కట్టింది కరిముల్లా" అన్నాడు పెద్దమనిషి.

నిన్ను తలుచుకుని పొంగిపోతున్న
మామూ

విజయవాడ
6 అక్టోబరు 1998

మామూ,

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెబితే నవ్వుతారు. ల్యాబ్‌లో చదివి వినిపించాను, హాస్టల్లో చదివి వినిపించాను. నాతో పనిచేసేవాళ్ళందరికీ ఇంట్లో చెప్పేవాళ్ళున్నారు, దారి చూపేవాళ్ళున్నారు. దరఖాస్తు ఫారం నింపడం కూడా నేను ఎవరినో అడిగి నేర్చుకున్నాను. అలాంటిది నేను రాసి పంపిన కాగితం ముక్కతో అమ్మీ నిద్రపోతోందంటే!

చలికాలానికి మార్చండి. చిలగడదుంపలు బట్టీ నిప్పుల్లో కాల్చి, మెత్తగా చేసి, కొద్దిగా వేస్తే చాలు. నువ్వులు పెంచండి, అవిసె గింజలు వేయించి పొడి చేసి కలపండి. ఎండాకాలానికి సొరకాయ కోరు వేయవచ్చు, అది తర్వాత.

ఒకసారి అమ్మీని బస్సెక్కించండి, రక్తం పరీక్ష చేస్తాను. నొప్పి లేనప్పుడు సూది ఎందుకు అంటుందని తెలుసు. సరే, బలవంతం చేయకండి. రంజాన్ అయ్యాక చూద్దాం.

సంతోషంగా,
మీ నుస్రత్

ఉయ్యూరు
15 నవంబరు 1998

నుస్రత్ బేటీకి,

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. సంతోషిస్తావని చేశాను.

దుకాణం మీద బోర్డు పెట్టించాను. పచ్చరంగు మీద తెల్ల అక్షరాలు. "నరాల బిస్కెట్లు. కాళ్ళ మంటలు, తిమ్మిర్లు, పోట్లు మాయం. తయారీ విధానం: కుమారి నుస్రత్, బి.ఎస్సీ., విజయవాడ." మాటలు సంజీవరావు గారు చెప్పారు. రాత తప్పులు నేనే దిద్దాను. "మాయం"లో సున్నా మర్చిపోయాడు పెయింటరు! పొట్లాల మీద కూడా అదే చీటీ అంటిస్తున్నాం. పెనమలూరు నుంచి, కంకిపాడు నుంచి వస్తున్నారు.

ఆపా బోర్డు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. వచ్చిన వాళ్ళకి కాళ్ళు చాపి చూపిస్తుంది. "నన్ను చూడండమ్మా, నేనే సాక్ష్యం" అంటుంది.

ఈ నెలాఖరుకి వస్తే బోర్డు కింద నిలబెట్టి ఫొటో తీయిస్తాను.

మామూ

విజయవాడ
23 నవంబరు 1998

మామూకి,

మీ ఉత్తరం రాకముందే మీ బోర్డు నా దగ్గరికి వచ్చింది. మొన్న ఒకాయన ల్యాబ్‌కి రక్తపరీక్షకి వచ్చారు. మా టేబుల్ మీద పొట్లం పెట్టి, "ఈ నుస్రత్ గారంటే ఎవరమ్మా? ఇవి తింటున్నాను కదా, ఇంక మాత్రలు మానేయొచ్చా?" అని అడిగారు. నా పేరు, నా డిగ్రీ, జిడ్డు మరకల మధ్యన. మా ల్యాబ్ యజమాని రామకోటేశ్వరరావు గారు ఆ చీటీ చదివి నావైపు చూశారు. పొట్లాన్ని నా ముందుకి జరిపి లోపలికి వెళ్ళిపోయారు. తిడితే బాగుండేది.

నాకు అసహ్యం వేసింది మామూ. మైదాకి రంగు పూసి అమ్మేవాణ్ణి చూసినప్పుడు వేసిన అసహ్యమే. వాడు పంచదార మాడ్చి పూశాడు, మీరు నా చదువు పూశారు. మాయం అని ఎవరు చెప్పారు మీకు? నేనెక్కడైనా రాశానా? అమ్మీని కాళ్ళు చాపించి సంతలో బొమ్మలా కూర్చోబెడతారా?

ఆ బోర్డు దించేదాకా నేను దుకాణంలో అడుగు పెట్టను. నెలాఖరుకి రాను. అమ్మీకి ఈ మాట చదివి వినిపించండి.

నుస్రత్

ఉయ్యూరు
19 డిసెంబరు 1998

నుస్రత్‌కి,

చదివి వినిపించాను. ఆపా నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని మడతపెట్టింది. తర్వాత "రానంటే రానీయకు. నా కాళ్ళు బాగుపడినందుకు దానికి సిగ్గుగా ఉందట" అంది. కుర్చీ లోపలికి జరిపించుకుంది.

బోర్డు దించను. నీ పేరు గొప్పగా రాయించాను కానీ గోడ మీద బూతు రాయించలేదు. మీ నాన్న పోయినప్పుడు నీకు మూడేళ్ళు. ఇదే దుకాణంలో, ఇదే మైదా, ఇదే డాల్డా. వాటితోనే నీ ఫీజులు కట్టాను. అప్పుడు నీకు అసహ్యం వేయలేదు. పోనీలే.

పని తెమలటం లేదు. ఒకపక్క క్రిస్మస్, ఒకపక్క రేపో ఎల్లుండో రంజాన్ రోజాలు మొదలు. చర్చి వీధి వాళ్ళంతా కేకు పిండి గిన్నెలు తెస్తున్నారు, మనవాళ్ళు నాన్‌ఖటాయీలకి పిండీ పంచదారా తెస్తున్నారు. ఏ ట్రే ఎవరిదో ఆపాయే గుర్తు పెడుతుంది. కదలకుండా బట్టీ పక్కనే కూర్చుంటోంది. చలికి కాళ్ళకి గుడ్డ చుట్టుకుంటోంది.

దుకాణంలో ఏదో కంపు మొదలైంది. ఎక్కడినుంచో తెలియటం లేదు. ఎలుక చచ్చిందని అల్మరాలన్నీ జరిపాను, లేదు. నీ చిలగడదుంపలు మురిగాయేమోనని బస్తా మొత్తం కాలవలో పోయించాను. తీయగా, ముక్కు పగిలేలా ఉంటుంది. తెరేసమ్మ గారు నిన్న పిండి గిన్నె తెచ్చి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏంటయ్యా కరిముల్లా, ఏసుప్రభువు పుట్టినరోజు కేకు ఈ కంపులో కాలుస్తావా?" అని వెనక్కి పట్టుకుపోయింది. పరువు పోయింది.

కరిముల్లా

విజయవాడ
4 జనవరి 1999

మామూకి,

కంపు ఎక్కడిదో మీకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు. వారానికోసారి కూడా కడగని పిండి తొట్టి. మూలన పారేసిన గుడ్డు పెంకులు. నెయ్యి, డాల్డా పట్టి అట్ట కట్టిన బల్ల. బల్ల మీద కూర్చుని బీడీ తాగడం. ఇదంతా చిన్నప్పటినుంచి చూశాను, ఆ వాసన నా బట్టలకి పట్టి కాలేజీలో నా పక్కన కూర్చునేవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు. మీకు ఎప్పుడూ చెప్పలేదు. రోగులకి మందు తిండి అమ్ముతున్నామని బోర్డు పెట్టారు కదా, ఆ బోర్డు కింద కంపేమిటి? తినేవాళ్ళకి వాంతులైతే దాని మీద కూడా నా పేరే ఉంటుంది.

తొట్టి వేడినీళ్ళతో, సోడాతో కడిగించండి. బల్ల గీకించండి. సున్నం వేయించండి.

రంజాన్ పండక్కి రావటం లేదు. అమ్మీకి చీర పంపుతున్నాను.

నుస్రత్

ప్రభుత్వ ఆస్పత్రి, విజయవాడ
27 జనవరి 1999

మామూ,

మీరు నిన్న వెళ్ళాక పొద్దున అమ్మీకి మళ్ళీ కట్టు మార్చారు. ఎడమకాలి బొటనవేలు, పక్క వేలు తీసేసిన చోట ఇక చీము లేదన్నారు. మిగిలిన పాదం ఉంటుందా అని అడిగాను. "నాలుగు రోజులు చూద్దాం" అన్నారు. ఆ నాలుగు రోజులు ఇక్కడే ఉంటాను.

పండగ రోజు పొద్దున కొత్త చెప్పులు తొడగడానికి మీరు ఆ గుడ్డ విప్పారు కాబట్టి ఇంతటితో ఆగింది. ఇంకో వారం చూడకపోతే మోకాలి దాకా తీయాల్సి వచ్చేదట. మీరు ల్యాబ్‌కి ఫోన్ చేసి "బేటీ, కంపు దొరికింది" అన్నారు. ఇంకేమీ అనలేకపోయారు. ఆ మాట నా చెవిలోంచి పోవటం లేదు.

డాక్టరు గారు చెప్పింది మీకు రాయాలి. మంటలు తగ్గడం బాగుపడటం కాదట. నరం పూర్తిగా చచ్చిపోతే మంట తెలియదట. సెప్టెంబరులో మీరు రాసిన సంతోషం అదే. ఇటుక అరగంట పెట్టుకుంటోందన్నారు. కాలుతుంటే తెలియలేదు, బొబ్బ లేస్తే తెలియలేదు, పుండు పడితే తెలియలేదు. మీ బిస్కెట్లలో తప్పు లేదు. తినదగ్గ తిండే అది. కానీ మన పిండితో చచ్చిన నరాలు తిరిగి రావు. అమ్మీ బట్టల సంచిలో మాత్రల డబ్బా దొరికింది. నవంబరు నుంచి ఒక్కటీ వేసుకోలేదు. బోర్డు అమ్మీ కూడా నమ్మింది.

కోపంతో రాయటం లేదు. నాకు తెలిసి ఉండాల్సింది. రక్తంలో షుగర్ ఎంతుందో చూసి చెప్పడమే నా ఉద్యోగం, మా అమ్మ రక్తం మాత్రం చూడలేదు. మీ ఉత్తరం పట్టుకుని ఊరేగాను. ఇటుక సంగతి డాక్టరుని అడుగుతానని రాశాను, మెట్లెక్కి అడగడానికి ఆర్నెల్లు తీరలేదు. మీ కంపు గురించి పేజీడు పాఠం చెప్పాను. ఉయ్యూరుకి బస్సులో గంట. గంటే! బోర్డు మీద అసహ్యంతో ఆ గంట ప్రయాణం చేయలేదు.

ఇంకొకటి ఉంది, మీకు తప్ప ఎవరికీ చెప్పలేను. మొదటిరోజు కట్టు విప్పినప్పుడు నేను ముక్కు మూసుకున్నాను. బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. తిరిగి వచ్చేసరికి అమ్మీ పాదం మీదికి దుప్పటి లాక్కుని ఉంది. అప్పటినుంచి నన్ను కట్టు దగ్గరికి రానివ్వటం లేదు. "నువ్వు పోయి టీ తాగిరా పో" అంటుంది. రోజూ ఎంతోమంది మలమూత్రాల సీసాలు పట్టుకునే చేతులివి. నన్ను చూస్తే నాకే రోత పుడుతోంది.

మిగతావాళ్ళ సంగతి చూడండి మామూ. మన దగ్గర కొన్నవాళ్ళలో ఇంకెవరికి మంటలు "మాయం" అయ్యాయో.

నుస్రత్

ఉయ్యూరు
11 ఫిబ్రవరి 1999

నుస్రత్ బేటీకి,

బోర్డు ఆ పండగ రోజే దించాను. ఆ సంగతి రాయడానికి కూడా మనసు రాలేదు.

నువ్వు చెప్పావని గుర్తున్న వాళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళాను. బిస్కెట్లు కొన్న మనిషిని పట్టుకుని "మీ అరికాళ్ళు చూపించండి" అనడం ఎంత కష్టమో నీకు తెలియదు. సంజీవరావు గారు పంచెలోకి కాళ్ళు ముడుచుకున్నారు. "ఛీ ఛీ, రొట్టెలు పిసికే చేత్తో పాదాలు పట్టుకుంటావా? ఇంక నీ దుకాణంలో ఎవడు కొంటాడయ్యా?" అన్నారు. చూపిస్తే కానీ లేవనని గుమ్మంలో కూర్చున్నాను. చివరికి చూపించారు. బాగానే ఉన్నాయి. మాత్రలు మానారట, మళ్ళీ మొదలుపెడతానని మాట ఇచ్చారు. ఆయన అన్నట్టే, నేను పాదాలు పట్టుకున్న సంగతి నాలుగు రోజుల్లో వీధంతా పాకింది. రొట్టె బేరం సగానికి పడిపోయింది. "కాళ్ళు నాకే బేకరీ" అంటున్నారట.

తెరేసమ్మ గారు ముందు చీపురు తిరగేసింది. తర్వాత కూర్చోబెట్టి చూస్తే మడమలో మేకు దిగి ఉంది. చెప్పులోంచి దిగింది, ఎన్నాళ్ళైందో ఆవిడకే తెలియదు. దాంతోనే తిరుగుతోంది. ఆయాగా చేసిన మనిషి కదా, చూసుకుని ఏడవలేదు, తిట్టుకుంది. గుణదల చర్చి కొండ కూడా అదే మేకుతో ఎక్కి దిగిందట. నేనే రిక్షా ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మేకు తీసి మందులిచ్చారు, కాలికి భయం లేదన్నారు.

నువ్వు వాంతి చేసుకున్న సంగతి. బేటీ, నేను పండగనాడు గుడ్డ విప్పినప్పుడు ఏం చేశానో నీకు చెప్పలేదు. గిన్నె దొరక్క పిండి తొట్టిలో కక్కాను. ఆపా చూసింది. నన్నూ చూసింది, నిన్నూ చూసింది. ఇప్పుడు ఇద్దరం సిగ్గుపడి దూరంగా నిలబడితే ఆ కాలు ఎవరు చూస్తారు? పొమ్మన్నా పోకు.

తొట్టి పారేశాను. కొత్తది చేయించాను.

మామూ

విజయవాడ
1 మార్చి 1999

మామూ,

రేపు అమ్మీని డిశ్చార్జి చేస్తున్నారు. పాదం నిలిచింది. ఇక నిలబెట్టడం మన చేతుల్లో ఉందన్నారు. నాకు సెలవు అయిపోయింది. ప్రతి ఆదివారం వస్తాను, మిగిలిన ఆరు రోజులూ మీవి.

పోయిన వారం అమ్మీ టీ తాగిరమ్మంటే వెళ్ళలేదు. "పోవే" అంది. పోలేదు. "కంపు కొడుతుందే" అంది. "కొడుతోంది" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. అమ్మీ నవ్వింది. కాలు ఇచ్చింది. కట్టు నేనే కట్టాను. వాంతి రాలేదని కాదు, మింగాను.

రోజూ సాయంత్రం అసర్ నమాజు కాగానే, వెలుతురు ఉండగా, రెండు అరికాళ్ళూ చూడండి. కింద అద్దం పెట్టి చూడాలి. వేళ్ళ సందులు వేలితో విడదీసి చూడాలి. కాళ్ళు కడిగే గోరువెచ్చని నీళ్ళు ముందు మీ మోచేత్తో ముట్టుకుని చూడాలి. వాసన కూడా చూడాలి మామూ, ముక్కు దగ్గరగా పెట్టి. సిగ్గుపడితే కుదరదు. చూసిన మాట ఉన్నదున్నట్టు రాయండి. ఇటుక ఇంట్లో కనపడకూడదు. మాత్రలు మీ ఎదురుగా మింగించండి.

మొక్కజొన్న బిస్కెట్ల కాలం కాదు. సొరకాయ కోరుతో చేయండి, నీళ్ళు బాగా పిండేసి. ఉట్టి బిస్కెట్లని చెప్పి పెట్టండి.

నుస్రత్

ఉయ్యూరు
14 మార్చి 1999

బేటీ,

అద్దంలో చూశాను. ఎడమ పాదం కుట్ల దగ్గర చర్మం గులాబీ రంగులో ఉంది. తడి లేదు. కుడికాలు మడమ పగిలింది, వేలు పెట్టి చూశాను, లోతు లేదు. కొబ్బరినూనె రాశాను, వేళ్ళ సందుల్లో రాయలేదు. నీళ్ళు మోచేత్తో చూశాను. మాత్ర మింగించి నాలుక ఎత్తి చూపించమన్నాను, తిట్టింది.

సొరకాయ బిస్కెట్లు ఆపాకి నచ్చలేదు. "మంచంలో పడ్డవాళ్ళకి పెట్టే తిండి" అంది. నాలుగు తినింది.

వాసన చూడమన్నావు. వంగి ముక్కు పెట్టాను. ఆపాకి గిలి పుట్టలేదు, సిగ్గు పుట్టింది. "తమ్ముడివై ఉండి ఇదేం పనిరా" అని ఆ ఎడమకాలితోనే తన్నింది. నేను భయపడి, "ఆపా, నొప్పి పుట్టిందా?" అని అడిగాను.

"నాకేం తెలియలేదు" అంది.

నాకు తెలిసింది. దవడ ఇంకా సలుపుతోంది. వాసన లేదు.

మామూ